వియ్యపురాలి వైపు అద్దం

మనవరాలితో రాయిస్తున్నాను, న్యాయం మీరే చెప్పండి. మా కారులో నేను కూర్చునే వైపు అద్దం దిగక ఏడాదైంది. ఎప్పుడు అడిగినా నా కొడుకు "డోర్ ప్యాడ్ విప్పాలెనమ్మా, క్లిప్పులు ఇరుగుతయ్" అనేవాడు. ఈ రోజు పొద్దున వికారాబాద్ నుంచి తాండూరు పెళ్లికి బయల్దేరుతుంటే మా వియ్యపురాలి వైపు అద్దం ఇరుక్కుంది. గాలి తగలకపోతే ఆమెకు కడుపులో తిప్పుతుందట. వాడు వెంటనే స్క్రూలు తీసి, తలుపు లోపలి ప్యాడ్ ఊడదీసి, మేం చాయ్ తాగేలోపు అద్దం సరిచేశాడు. ఒక్క క్లిప్పూ విరగలేదు.

నేను పోయి ఆ సీట్లో కూర్చున్నాను.

"వదినా, అది నా జాగ గద," అంది వియ్యపురాలు.

"జాగ నీదైతే కొడుకు నావోడు. నువ్వు గా దిక్కు కూసో."

ఆమె అద్దం దిగని నా వైపు పోయి కూర్చుంది. వాడు నన్నొక చూపు చూసి, స్క్రూడ్రైవర్ పట్టుకుని ఆ తలుపు కూడా విప్పాడు.

"అత్తమ్మకు కక్కొస్తే ఎట్లమ్మా?" అన్నాడు.

ఇప్పుడు రెండు అద్దాలూ దిగుతున్నాయి. తాండూరు దాకా గాలి బాగానే తగిలింది, నా కడుపుమంట మాత్రం చల్లారలేదు. రెండూ ఆమె కోసం దిగినవే. మీ ఇళ్లలోనూ కొడుకులు ఇంతేనా, నాకొక్కదానికేనా?