దొరగారి కొయ్య సుత్తి

రెండు పేజీలు చాలన్నాడు చిన్నాయన. మా ఊరి చర్చికి నూరేళ్లు నిండుతున్నాయట, పుస్తకం వేస్తున్నారట, అందులో చర్చి చరిత్ర, కట్టడం గొప్పతనం, లోపల దాచుకున్న పాత వస్తువుల సంగతులు నేను రాయాలట. ముప్పై ఏళ్లు ఎమ్మిగనూరులో పిల్లలకు సాంఘికశాస్త్రం చెప్పి రిటైరైనవాణ్ణి కదా, నాకు తప్ప ఎవరికి చేతనవుతుందని పొగిడాడు. "మంచి మాటలు రాయప్పా, పాత గొడవలు తవ్వొద్దు" అని ఒక మాట చేర్చి, ఫోన్‌లో నాలుగు ఫొటోలు పంపాడు. మూడు నింపాదిగానే చూశాను. నాలుగోది చూసి, టీ గ్లాసు కింద పెట్టి, కళ్లజోడు తుడుచుకుని మళ్లీ చూశాను. ఒళ్లు మండిపోయింది.

చిన్నాయన అంటే మా నాయనకు పెదనాన్న కొడుకు, నాకంటే ఐదేళ్లు పెద్ద. ఇప్పుడు ఆయనే చర్చి పెద్ద. అంతకు ముందు వాళ్ల నాయన, అంటే మా పెద్దతాత. మొలతాడుకు కట్టుకున్న చర్చి తాళంచెవితో సహా ఆ పెత్తనం తండ్రి నుంచి కొడుక్కు దిగింది. ఆ ఫొటోలో ఉన్నది చర్చిలో కొత్తగా చేయించిన అద్దాల పెట్టె. అందులో చర్చి కట్టించిన తెల్లదొర బైబిలు, ఆయన కళ్లజోడు, ఆయన బూటు ఒకటి (రెండోది ఎలుకలు తినేశాయట) ఉన్నాయి. వాటి మధ్యన ఎర్ర ముఖమల్ గుడ్డ మీద, మూరెడు పొడవున, పిడి మీద బొడిపెతో, నల్లబడిన కొయ్య ఒకటి. కింద చీటీ: "దొరగారు పునాదిరాయి కొట్టిన సుత్తి." ఆస్పరి నుంచి ఎవరో పసిబిడ్డను తీసుకొచ్చి ఆ అద్దానికి బిడ్డ నుదురు ఆనించి పోయారని చిన్నాయన గొప్పగా చెప్పాడు.

నేను పెద్ద పెద్ద చర్చిలు చూసినవాణ్ణే. పిల్లల్ని విహారయాత్రకు తీసుకుపోయి మెదక్‌లో రంగుటద్దాల కింద నిలబెట్టి, కరువులో కూలీలకు అన్నం పెట్టి కట్టించారని పాఠం చెప్పాను. గోవాలో ఒక పునీతుడి దేహాన్ని చూడటానికి గంటసేపు వరుసలో నిలబడ్డాను. చెన్నపట్నంలో వేలి గోరంత ఎముక ముక్కను వెండి పెట్టెలో పెట్టి చూపిస్తే, ఏ ఎముక ఎవరిదో ఎవరు చూడొచ్చారులే అని లోపల నవ్వుకున్నాను కూడా. ఆ నవ్వుకు ఇప్పుడు మా ఊళ్లోనే చెంపదెబ్బ తగిలింది. ఎందుకంటే ఆ సుత్తి సుత్తి కాదు, దొరది అసలే కాదు. అది మా అవ్వది.

ఆదోని నుంచి ఎమ్మిగనూరు పోయే రోడ్డు దిగి నాలుగు మైళ్లు లోపలికి పోతే మా ఊరు. చర్చికి కొండరాయి చెక్కి కట్టిన గోడలు, చేతులు రెండూ చాచినా అందనంత మందం. మొనదేలి పైకి లేచిన కమాను కిటికీలు. తూర్పున గంటగూడు. ఓడలో వచ్చిందని చెప్పే గంట. ఇవన్నీ దొర తెచ్చిన నక్షాలో ఉన్నవే కావచ్చు గానీ, మిద్దె మాత్రం మా ఆడవాళ్లది. గానుగలో రుబ్బిన సున్నంలో ఇటుకముక్కలు కలిపి, దూలాల మీద పరిచి, బెల్లం నీళ్లూ కరక్కాయ నీళ్లూ చల్లుతూ, వరసగా కూర్చుని కొయ్య చెక్కలతో కొడుతూ వెనక్కి జరగాలి. పొద్దున మొదలుపెడితే పొద్దుగూకే దాకా, రోజుల తరబడి. కొట్టిన చెక్క ఎగిరి పడితే గచ్చు గట్టిపడినట్టు, మెత్తగా దిగితే ఇంకా కొట్టాలి. కొత్తగా కాపురానికొచ్చిన మా అవ్వ ఆ వరసలో కూర్చుంది. అంతకు ముందే ఆదోని పత్తి మిల్లులో ఆమె కుడిచేతి ఉంగరం వేలు మిషన్లో పోయింది. మామూలు చెక్క ఆమె చేతిలో నిలవక జారిపోతుంటే, మా తాత తుమ్మకట్టె తెచ్చి ఆమె చేతికే సరిపోయేట్టు చెక్కి ఇచ్చాడు. పిడి మీద మిగిలిన వేళ్లు ఇమిడేట్టు గాళ్లు, వేలు లేని చోట బొడిపె.

నేను ఆ చెక్కను ఎట్లా గుర్తుపట్టానో చెప్పాలంటే మా ఇంటి అవమానం చెప్పాలి. నాకు ఎనిమిదేళ్లప్పుడు జ్వరమొచ్చి మూడు వారాలు దిగలేదు. ఆదోని ఆసుపత్రి అయింది, పాస్టరు ప్రార్థన అయింది. ఎవరో చెబితే అవ్వ నన్ను భుజాన వేసుకుని ఉరుకుంద ఈరన్న గుడికి పోయి టెంకాయ కొట్టి వచ్చింది. మందుకు తగ్గిందో మొక్కుకు తగ్గిందో నాకు తెలియదు, తగ్గింది. ఆ ఆదివారమే పెద్దతాత సంఘమంతా వింటుండగా అవ్వను లేపి నిలబెట్టాడు.

"పాపం సేసినానని ఒప్పుకో. ఒప్పుకుంటేనే రొట్టె, ద్రాచ్చారసం."

అవ్వ కొంగు సర్దుకుని, "బిడ్డ బతికినాడు. ఏమని ఒప్పుకునేది?" అంది.

అంతే, వెలేశారు. చర్చి లోపలికి రాకూడదు. అవ్వ గొడవ పడలేదు. ప్రతి ఆదివారం తలస్నానం చేసి, ఉతికిన చీర కట్టుకుని వచ్చి, బయట మెట్టు మీద కూర్చుని లోపలి పాటలకు గొంతు కలిపేది. పదేళ్లు! నా ప్రాణం కాపాడిన మనిషి ఎండలో కూర్చుంటే నేను లోపల చాప మీద కూర్చుని వాక్యాలు అప్పజెప్పేవాణ్ణి. ఇప్పటికీ తలుచుకుంటే నన్ను నేనే కొట్టుకోవాలనిపిస్తుంది.

ఒక వానాకాలం మిద్దె కారింది. నీళ్లు సరిగ్గా పెద్దతాత కుర్చీ మీదే పడ్డాయి. దేవుడికి అప్పుడప్పుడూ వేళాకోళం చేయాలనిపిస్తుందేమో. గచ్చు కొట్టడం తెలిసిన ఆడవాళ్లలో ఆ నాటికి మిగిలింది అవ్వ ఒక్కతే. "లోపలికి రావొద్దన్యారు గానీ పైకెక్కొద్దనల్యా గదా" అని ఆమె చెక్క తీసుకుని, బయటి నిచ్చెన మీదుగా మిద్దె ఎక్కింది. అరవై దాటిన మనిషి. నీళ్లు అందించడానికి నేనూ ఎక్కాను. ఒకసారి చెక్క పట్టుకుని చూస్తే బొడిపె నా ఉంగరం వేలికి గుచ్చుకుంది. "నీకు ఒక ఏలు ఎక్కువుంది లేరా" అని పగలబడి నవ్వింది అవ్వ. పని నాలుగు రోజులు పట్టింది. పెద్దతాత కింద నిలబడి చూశాడే తప్ప ఒక్క మాట అనలేదు. కుర్చీ తడవకపోతే చాలు ఆయనకు. పని అయ్యాక, మళ్లీ కారితే అవసరమవుతుందని అవ్వ ఆ చెక్కను గంటగూట్లో పెట్టి దిగొచ్చింది.

నాకు పద్దెనిమిదేళ్లప్పుడు అవ్వ పోయింది. శెనక్కాయ పీకే రోజులు, పొద్దు నడినెత్తికొచ్చిన వేళ. మా ఊళ్లో ఎవరు పోయినా చర్చి గంట నిదానంగా, దెబ్బకూ దెబ్బకూ మధ్య ఊపిరి పీల్చుకునేంత ఎడమిచ్చి కొడతారు. అది వినగానే చేలలో ఉన్నవాళ్లు పని ఆపి, చేతిలో కొడవలుంటే కొడవలితోనే, పారుంటే పారతోనే నడిచొచ్చి, పనిముట్టు నేల మీద పెట్టి నిలబడతారు. గంట కొట్టకపోతే చావు సంగతి చేలకు చేరదు. మా నాయన పెద్దతాత ఇంటి ముందు చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"గంటొక్కటి కొట్టిచ్చు పెద్దనాయనా. నీ కాళ్లు మొక్కుతా."

"ఈరన్న కాడ గంట ల్యాదా? ఆడ కొట్టిచ్చుకోపో" అన్నాడు ఆ మహానుభావుడు.

అప్పట్లో గంట కొట్టే పని చిన్నాయనది. నేను చర్చి దగ్గరికి పరిగెత్తాను. తాడు పక్కనే నిలబడి ఉన్నాడు. నా ముఖం చూశాడు, తాడు చూశాడు, తల వంచుకుని లోపలికి పోయాడు. అవ్వను మా చేని గట్టున పూడ్చాం, ఆరుగురం. సాయంత్రం శెనక్కాయ మూటలతో ఊళ్లోకి వచ్చినవాళ్లకు అప్పటికి తెలిసింది. ఆ తరవాత నేను ఆ చర్చి గడప తొక్కలేదు.

ఫొటో వచ్చిన మర్నాడే బస్సెక్కాను. చర్చిని చూస్తే గుర్తుపట్టలేకపోయాను. కొండరాయికి గులాబీ రంగు పూశారు. రాయికి రంగేమిటి, వీళ్ల మొహాలు మండ! లోపల నేలకు తళతళలాడే టైల్సు, సిలువ చుట్టూ వెలిగి ఆరే లైట్లు. చిన్నాయన నవ్వుతూ ఎదురొచ్చి కుర్చీ వేశాడు. నేను కూర్చోలేదు.

"ఆ సుత్తి మా అవ్వది."

"కట్టె మీద పేరు రాసుండాదా ఏమప్పా? మిద్దె పగలగొట్టి కొత్త స్లాబు ఏసేటప్పుడు గంటగూట్లో దొరికింది. దొర సామాన్ల పెట్టె గూడా ఆడే ఉండె."

"అద్దం తియ్యి. చేత్తో పట్టుకో."

తీశాడు, పట్టుకున్నాడు. బొడిపె గుచ్చుకున్నట్టుంది, చెయ్యి సర్దుకున్నాడు. మళ్లీ సర్దుకున్నాడు.

"ఉంగరం ఏలు మడువు" అన్నాను.

మడిచాడు. పిడి ఆయన అరచేతిలో కుదురుగా కూర్చుంది. అవ్వ మిద్దె మీద కొడుతుంటే చప్పుడు వినలేదా ఆయన? ఆమె చెయ్యి చూడలేదా? చీటీ రాసేటప్పుడు ఒక్కసారన్నా గుర్తు రాలేదా? ఇవన్నీ అడిగాను, అంత నెమ్మదిగా కూడా అడగలేదు.

చివరికి గొంతు తగ్గించి, "దొరదనుకున్యారు కాబట్టి ముఖమల్ మీద పెట్టినారు. మీ అవ్వదని రాస్తే కమిటీ వాళ్లు తీసి పొయ్యిలో పెడతారు. దొరదని రాసెయ్యప్పా, ఉన్న చోట ఉంటాది. రోజూ మొక్కుతాండారు గదా, మీ అవ్వకు మర్యాదే గదా?" అన్నాడు.

ఒక్క క్షణం నేనూ మెత్తబడ్డాను, దాచిపెట్టడమెందుకు. లోపలికి రానివ్వని మనిషి చెక్కకు వీళ్లంతా నుదురు ఆనించడం తలుచుకుంటే కసిగా, హాయిగానే అనిపించింది. కానీ దొర పేరు మీద అందే దండం అవ్వకెందుకు? ఆమె పదేళ్లు మెట్టు మీద కూర్చున్నది అబద్ధం ఒప్పుకోలేకే కదా.

"గంట తాడు యాడుంది?" అన్నాను.

ఆయన చెక్కను ముఖమల్ మీద పెట్టేశాడు. "ఇప్పుడా? ఇప్పుడు కొడితే ఊరంతా వస్తాది. వచ్చినోళ్లకు ఏం సెప్పాల?"

"నేను సెప్తా."

తాడు మారింది, నైలానుది. గంట అదే. మొదటి దెబ్బకు పావురాలు లేచాయి. ఊపిరి పీల్చుకునేంత ఆగి రెండోది, మళ్లీ ఆగి మూడోది. భుజాలు నొప్పి పుట్టేదాకా కొట్టాను. మధ్యలో చిన్నాయన పక్కకొచ్చి నిలబడ్డాడు. ఆయన చెయ్యి కూడా తాడు మీదికి వచ్చింది. తోసేశాను. పుస్తకానికి ఆయన అడిగిన రెండు పేజీలు ఇవే. వేసుకుంటారో చింపుకుంటారో వాళ్లిష్టం.

బయటికొచ్చేసరికి పత్తి చేలలోంచి కలుపు తీసే ఆడవాళ్లు గబగబా వస్తున్నారు. ఒకతను ట్రాక్టరు రోడ్డు మీదే ఆపేసి వచ్చాడు. అందరికంటే ముందు ఒక ముసలామె, కొడవలి పట్టుకున్న చేత్తోనే, ఆయాసపడుతూ వచ్చింది.

"ఎవురు పోయినారప్పా?"

"మా అవ్వ."

"ఎప్పుడు?"

"నలభై ఏండ్లు దాటింది. ఆ పొద్దు గంట కొట్టల్యా. అందుకే మీకు తెలీల్యా."

ఎవరూ నవ్వలేదు. ముసలామె నన్ను ఎగాదిగా చూసి, "ఏలు ల్యాని అవ్వనా?" అంది. అవునన్నాను. ఆమె వంగి, అవ్వ కూర్చునే మెట్టు మీద కొడవలి పెట్టి, పక్కకు జరిగి నిలబడింది. వెనకాల వచ్చినవాళ్లు ఒక్కొక్కరే అట్లాగే పెట్టారు. ఆ రోజు అవ్వ వెంట ఆరుగురమే నడిచాం. మిగతా ఊరు రావడానికి ఇన్నేళ్లు పట్టింది.