నీళ్ళలో పాకం చుక్క

అనకాపల్లి ఆసుపత్రిలో ఏళ్ళతరబడి ఒళ్ళునొప్పులతో బాధపడేవాళ్ళకు కౌన్సెలింగ్ చేసే మేడం ఎవరి భయాన్నీ కొట్టిపారేసేది కాదు. "ఓసారి చూద్దామా?" అనేది, అంతే.

మా నాన్న బెల్లం వండేవాడు. నడుంనొప్పి పట్టుకున్నాక నేలమీద కూర్చోవడమే మానేశాడు.

"కూకుంటే మరి లెగలేనమ్మా," అన్నాడు ఆమెతో.

"బెల్లం పాకం వచ్చిందని మీకెలా తెలుస్తుంది?" అడిగిందామె.

"నీల్లల్లో సుక్కేసి సూత్తాం. గట్టిపడితే వొచ్చినట్టే."

"మరి 'లేవలేను' అన్న ఈ మాటని కూడా అలాగే చూద్దామా?" అంటూ ముందు తనే నేలమీద కూర్చుంది.

నాన్న గోడ పట్టుకుని దిగాడు. కాసేపటికి చెమటలు కక్కుతూ లేచాడు.

"నొప్పి అలాగే ఉందమ్మా. అయినా లెగిసేను!"

మందూ మాత్రా లేని ఆ 'చూద్దామా' అన్న మాటలో ఏముందో నాకిప్పటికీ అంతుపట్టదు. నొప్పి ఇంకా ఉంది. భోజనం వేళ నాన్న నేలమీద పీట వాల్చి, రెండు వేళ్ళతో గాలిలో ఓ చుక్క వేస్తాడు. తర్వాత కూర్చుంటాడు.