నీటిబుడగను తిట్టే మనిషి

కంటి ఆసుపత్రిలో స్కాన్లు తీసే ఆయన్ని అందరూ గుడ్లగూబ అనేవారు. ఆయనకి ఉన్నది ఒకటే జబ్బు. మనుషులతో పొడిపొడిగా, స్కాన్ బొమ్మలతో మాత్రం నోరారా మాట్లాడతాడు.

ఆ సంగతి కొత్తగా చేరిన నర్సుకు ఎవరూ చెప్పలేదు. మొదటిరోజు మధ్యాహ్నం, కిటికీల్లేని ఆ చీకటిగది ముందునుంచి వెళ్తుంటే లోపల గొంతు వినబడింది. "ఎవరిల్లనుకుని దూరావే? నిరుడు లేవుగా! నడు బయటికి!"

తలుపు తోసి చూస్తే లోపల ఉన్నది ఒక్కడే. తెర వెలుగు పడి మొహం బూడిద పూసినట్టుంది. నర్సు గుమ్మంలోనే ఆగిపోయింది.

"ఎవరితోనండీ?"

"దీంతో," అని తెర చూపించాడు, అదేదో పక్కింటావిడైనట్టు.

"భయపడకమ్మా," అంది అటుగా వచ్చిన డాక్టరమ్మ. "ఓసారి ఆయన పోట్లాట విని నలుగురు పేషెంట్లు పారిపోయారు. ఐదో ఆయనకి చెవుడు కాబట్టి మిగిలాడు."

వారం తిరక్కుండానే డెబ్బై ఏళ్ల దర్జీ ఆవిడ కూతురి చెయ్యి పట్టుకుని వచ్చింది. అప్పటిదాకా కూతురికి కూడా చెప్పని సంగతి ఆ చీకటిగదిలో నర్సు ముందు బయటపెట్టింది.

"మూణ్ణెల్లుగా గుమ్మాలు పాముల్లా మెలికలు తిరుగుతున్నాయమ్మా. మనుషులకి మొహాలుండట్లేదు. మొన్న మా అమ్మాయి ఎదురుగా నిలబడి అన్నం తినమంటోంది. జడ ఉంది, చెవులున్నాయి, మధ్యలో ఏమీ లేదు. పిచ్చెక్కిందేమోనని నోరు మెదపలేదు."

నర్సు ఆవిడని మెషిన్ ముందు కూర్చోబెట్టింది.

"గడ్డం ఇక్కడ ఆనించండి. ఆకుపచ్చ చుక్క కనబడకపోతే నా గొంతువైపు చూడండి," అన్నాడు గుడ్లగూబ.

మెషిన్ గుయ్యిమంది. కంటి వెనక పొరలు తెరమీద బూడిదరంగు మబ్బుల్లా పరుచుకున్నాయి. సరిగ్గా నడిమధ్యన, ఆ పొరల కింద, నల్లటి బుడగ ఒకటి గుడారంలా లేచి ఉంది.

కూతురు తల్లిమీద విరుచుకుపడింది. "మూణ్ణెల్లా! ఇన్నాళ్లూ నోరెందుకు..."

"ఒసేయ్ బుడగా!" అని గుడ్లగూబ ఒక్క అరుపు అరిచాడు. "దొంగచాటుగా దూరి, మొహాలు మింగి, పెద్దావిడకి పిచ్చనిపిస్తావా? సిగ్గులేదూ? తప్పంతా నీది!"

కూతురి నోరు మూతపడింది.

"అయితే నాది కాదా తప్పు?" అంది దర్జీ ఆవిడ మెల్లగా.

"మీదెందుకవుతుందండీ? వయసుతో పొర అరిగింది, కింద నీరు చేరింది. దొంగ దొరికిందిగా."

ఆ బొమ్మ పట్టుకుని వరస దాటి డాక్టరమ్మ గదిలోకి దూరాడు. సాయంత్రంలోగా కంట్లో మొదటి ఇంజెక్షన్ పడింది.

నర్సు ఉండబట్టలేక అడిగేసింది. "బుడగనెందుకండీ తిట్టడం?"

"ఆలస్యంగా వచ్చినవాళ్లని ఇంట్లో ఎవరో ఒకరు తిడతారమ్మా. నేను ముందే బుడగని తిట్టేస్తే వాళ్లకి మాటలు మిగలవు. బుడగ ఏడవదు కదా."

"మరి ఆవేళ గదిలో ఎవరూ లేరుగా?"

గుడ్లగూబ బుర్ర గోక్కున్నాడు. "అది... అలవాటైపోయింది."

నెలకొకటి చొప్పున నాలుగు ఇంజెక్షన్లు పడ్డాయి. బుడగ అణిగింది. స్కాన్‌కి కూర్చున్న దర్జీ ఆవిడ గడ్డం ఆనించబోయి ఆగిపోయింది. గుడ్లగూబ మొహంలోకి తేరిపార చూసింది.

"ఆ గొంతు మీదేనా?"

"నాదేనండీ."

"గొంతు విని ఇంకాస్త బాగుంటారనుకున్నాను."

గుడ్లగూబ కుర్చీ తన్నుకుని తూలుతూ డాక్టరమ్మ గదికి పరుగెత్తాడు. "అమ్మా! ఆవిడకి నా మొహం కనబడింది! అస్సలు బాగాలేదట!"