బెల్టు కూత

జానయ్య కారును కళ్ళకంటే చెవులతోనే ఎక్కువ నడుపుతాడు. పొద్దున్నే చిలుకూరు దొరగారి కారు బానెట్ ఎత్తి ఫ్యాన్ బెల్టును బొటనవేలితో నొక్కుతాడు. అర అంగుళం కుంగితే సరే. కీచుమని కూయడం మొదలుపెడితే వారంలో మారుస్తాడు, కానీ ఆ కూతకు భయపడడు. "కూసే బెల్టుకు ఇంకా పట్టున్నట్టే. సప్పుడు బందైతెనే పరేషాన్," అంటాడు. కొత్త బెల్టొకటి ఎప్పుడూ జంధ్యంలా భుజాన వేలాడుతుంటుంది.

పోలీసు చర్య తరువాతి ఎండాకాలంలో, దొరగారి కూతురు సులోచనకు పురిటినొప్పులొచ్చాయి. సూర్యాపేట దవాఖానకు బయలుదేరే తొందరలో జానయ్య బెల్టు నొక్కి చూడలేదు. మునగాల దాటినా, నిన్నటిదాకా కూసిన బెల్టు కిక్కురుమనలేదు. అతను వేగం తగ్గించాడు. అంతలో ఇంజను ఆవిర్లు కక్కింది. ఆపి చూస్తే బెల్టు నిగనిగలాడుతోంది. ఆముదం వాసన.

"నేనే పూసిన అన్నా," అన్నాడు పక్కనున్న జీతగాడు బిక్షం. "ఎడ్లబండి ఇరుసు కీసుమంటే పూస్తం గద!"

ఆముదానికి పట్టు తప్పి జారుతున్న ఆ బెల్టును జానయ్య ఊడదీశాడు. వేళ్ళు కాలుతున్నా భుజానున్న బెల్టు తీసి ఎక్కించాడు. బిక్షం తెచ్చిన నీళ్ళు పోశాడు. కారు కదిలింది.

రెండు మైళ్ళు పోయాక వెనకసీట్లో సులోచన మూలుగు ఆగిపోయింది.

"నొప్పులు తగ్గినట్టున్నయి," అంది కూతురి పక్కనున్న దొరసాని తేలికపడి.

జానయ్య చెవులు రిక్కించాడు. ఏనాడూ దొరగారి ఆడవాళ్ళను పలకరించి ఎరగనివాడు, తల తిప్పకుండానే బతిమాలాడు.

"జర మూలుగు తల్లీ."

చాలాసేపటికి సన్నగా ఒక మూలుగు. దాన్నే వింటూ సూర్యాపేట దాకా పోనిచ్చాడు.