కృష్ణ వెంబడి గీసిన గీత

పత్తి వేద్దామని మా తాత గుంటూరు వైపు నుంచి మానుకోట దగ్గరి పల్లెకు వచ్చాడట. నేను పుట్టింది, చదివింది, సోషల్ టీచర్నయింది అంతా అప్పటి వరంగల్ జిల్లాలోనే. కానీ ఇంట్లో అందరూ గుంటూరు యాసలో "వచ్చాను, వెళ్లాను" అనేవాళ్లు. నా నోటికీ ఆ మాటే పట్టింది. తెలంగాణ ఉద్యమం వేడెక్కేదాకా దాన్నెవరూ పట్టించుకోలేదు. వేడెక్కాక, బచ్చన్నపేట మండలంలో నేను పనిచేసే హైస్కూల్లో నా పేరే మారిపోయింది.

స్టాఫ్‌రూమ్‌లో అడుగు పెడితే మాటలు ఆగిపోయేవి. లెక్కల సారు మధ్యాహ్నాలు జనగామ దీక్షా శిబిరానికి వెళ్లి, సాయంత్రం వచ్చి నా వైపు చూడకుండా అందరికీ కబుర్లు చెప్పేవాడు. పిల్లలు వరండాలో నాకు వినపడేలాగే "ఆంధ్రా టీచర్ వస్తున్నది" అనేవాళ్లు. వాళ్లలాగా మాట్లాడితే పోతుంది కదా అని ఒక్కోసారి అనిపించేది. భయపడి భాష మార్చుకోవడం నాకు చేతకాలేదు. అంతకంటే, కోపంగా ఉండేది.

ఆ రోజుల్లోనే తొమ్మిదో తరగతికి పటాల పాఠం వచ్చింది. గోడకు ఆంధ్రప్రదేశ్ పటాలు రెండు తగిలించాను. భౌతిక పటంలో రంగు నేల ఎత్తును చెబుతుందని, ఆకుపచ్చ మైదానమని, గోధుమరంగు గుట్టలని చెప్పాను. రాజకీయ పటంలో రంగుకు అలాంటి అర్థం లేదు, పక్క జిల్లాతో కలిసిపోకుండా వేస్తారంతే. "వరంగల్ పసుపు పచ్చగా ఉందని మనం ఎడారిలో ఉన్నామనుకోకండి" అన్నాను. ఎవరూ నవ్వలేదు.

వెనక బెంచీలో ఒకమ్మాయి లేచింది. తండా నుంచి నడిచి వచ్చేది. ఇంట్లో లంబాడీ, బడిలో తెలుగు. వరంగల్‌లో చదువుతున్న వాళ్లన్నకు ఊరేగింపులో లాఠీ దెబ్బ తగిలి చెయ్యి విరిగిందని నాకు తెలుసు.

"టీచర్, గిండ్ల తెలంగాణ ఏది?"

"రాజకీయ పటంలో చట్టం ఒప్పుకున్న హద్దులే ఉంటాయి. అది ఇంకా రాలేదు."

"రావద్దని మీ మనసుల ఉన్నది. మీది గా దిక్కు గద!"

క్లాసంతా బెంచీలు చరిచింది. జై తెలంగాణ అని అరుపులు మొదలయ్యాయి. "కూర్చో!" అని నేనూ గట్టిగా అరిచాను. ఆమె కూర్చోలేదు. గంట కొట్టేదాకా అట్లాగే నిలబడి నన్నే చూసింది.

మర్నాడు పొద్దున రాజకీయ పటం మీద తెలంగాణ చుట్టూ ఎర్ర పెయింటుతో వేలంత మందాన గీత ఉంది. హెడ్మాస్టరు చూసి తెల్లబోయాడు. ఆయన ఈ ఊరివాడే, ఉద్యమమంటే ఇష్టమే, కానీ పై అధికారులంటే వణుకు.

"సర్కారు సామాను మేడం. ఎవరు చేసిన్రో సాయంత్రం వరకు పేరు రాసియ్యున్రి. పోలీసోళ్లకు ఇస్త, నా మీదికి రావొద్దు" అని వెళ్లిపోయాడు.

క్లాసువైపు తిరిగాను. ఆ అమ్మాయి గోళ్లలో ఎర్ర రంగు ఇంకా ఉంది. నేను గీతనే చూస్తూ నిలబడ్డాను. చూసేకొద్దీ నా కోపం ఇంకో దిక్కుకు మళ్లింది.

"తప్పు గీశారు" అన్నాను.

"ఏంది తప్పు?" ఆమె చివాల్న లేచింది.

"కిందివైపు కృష్ణ వెంబడే గీశారు. నీలం గీత నది. హద్దు కావాలంటే నదిని కాదు, జిల్లా గీతను పట్టుకోవాలి. గద్వాల, అలంపూర్ నదికి అవతల ఉన్నాయి. అవి మహబూబ్‌నగర్ జిల్లావి. వాటిని తీసుకెళ్లి కర్నూలుకు ఇచ్చేశారు. రాష్ట్రం కావాలనేవాళ్లు సొంత ఊళ్లనే బయట పడేస్తారా?"

పాఠం చెప్పే గొంతు కాదది. ఆమె మొహం ఎర్రబడింది. విసవిసా పటం దగ్గరికొచ్చి వంగి చూసింది. చుక్కల గీత మీద వేలు పెట్టి, కృష్ణ దాటి, తుంగభద్ర దాకా పోయింది. వేలు అక్కడే ఆగింది. తప్పని ఒప్పుకోలేదు. చెయ్యి మాత్రం చాచింది. నా ఎర్ర స్కెచ్ పెన్ను ఇచ్చాను. సగం గీశాక పెన్ను తిరిగి నాకు చాచింది. మిగతా సగం నేను గీశాను.

మధ్యాహ్నానికి సంగతి పాకింది. లెక్కల సారు చాయ్ గ్లాసుతో నా బల్ల దగ్గరికి వచ్చాడు. అప్పటిదాకా నన్ను మేడం అనేవాడు.

"మా రాష్ట్రం గీత దిద్దనీకి నువ్వెవరు?"

"మానుకోట దవాఖానాలో పుట్టినదాన్ని. మీరెక్కడ పుట్టారో నేనడిగానా?"

గ్లాసు నా బల్ల మీద ఠపీమని పెట్టాడు. చాయ్ నా పుస్తకాల మీద ఒలికింది. తుడవడానికి ఎవరూ లేవలేదు.

సాయంత్రం హెడ్మాస్టరు పేరు అడిగాడు. "ఆ పటం మీద చివరి గీత నాది. నా పేరే రాసుకోండి" అన్నాను. ఆయన నిజంగానే రాసుకున్నాడు. మెమో వచ్చింది, దాని వెనకే జిల్లాలో ఆ చివరనున్న టేకుమట్లకు డిప్యుటేషన్.

చివరి రోజు వీడ్కోలు సభ ఏమీ పెట్టలేదు. గేటు దగ్గర ఆ అమ్మాయి ఎదురొచ్చింది. నమస్తే పెట్టలేదు.

"ఏడికేసిన్రు టీచర్?"

"టేకుమట్లకు."

"గది మన దాంట్లనే ఉంటది" అని, వెనక్కి చూడకుండా తండా దారి పట్టింది.

రాష్ట్రం వచ్చింది. కొత్త పటాలూ వచ్చాయి. ఆ తర్వాత ఒకసారి జనగామ బస్టాండులో లెక్కల సారు కనిపించాడు. జుట్టు నెరిసింది. నన్ను గుర్తుపట్టి, పైనుంచి కిందికి చూశాడు.

"ఇంకా ఈడ్నే ఉన్నవా?"

"ఎక్కడికి పోవాలి?" అన్నాను.

ఆయన మొహం తిప్పుకున్నాడు. ఇద్దరం ఒకే వరంగల్ బస్సు కోసం పక్కపక్కనే నిలబడ్డాం.