బొట్టు పెట్టిన డిస్కులు

ఎవరికీ అమ్మెయ్యలేదండీ, పెళ్ళి వీడియోలు దాచిన ఆ కంప్యూటర్ ఇంకా పి.గన్నవరంలో మా బాబాయిగారి ముందుగదిలోనే ఉంది. బాబాయిగారే లేరు. పోయిన నెల గుండెపోటుతో పోయారు. పెద్దకర్మ రోజు నన్ను నాలుగు మాటలు చెప్పమన్నారు. నలుగురిలో మాట్లాడ్డం నావల్ల కాలేదు. చదువూ అంతంతమాత్రమే, తప్పులుంటే సర్దుకోండి. ఆ రోజు చెప్పలేనిది ఇలా రాస్తున్నాను.

ఆయన పెళ్ళిళ్ళకి వీడియో తీసేవారు. సీడీ ఇచ్చేసి ఊరుకోకుండా అసలుది తన దగ్గర దాచేవారు. గీతలు పడ్డ సీడీ పట్టుకుని జనం మళ్ళీ వస్తారని ఆయనకి తెలుసు. మస్కట్ నుంచి ఫోన్ చేసి, మా పెళ్ళి ఇంకోసారి పంపండన్నవాళ్ళూ ఉన్నారు. అన్నీ ఆ కంప్యూటర్లో నాలుగు హార్డ్ డిస్కుల మీద కలిపి సర్దేవారు.

"ఒకటి పోయినా మిగతా మూడూ లోటు తెలీకుండా లాక్కొస్తాయిరా. ఆలోపు కొత్తది పెట్టెయ్యాలి. రెండోది కూడా పోయిందనుకో, గోవిందా!" అనేవారు.

కొత్త డిస్కు పెడితే, మిగతావాటి సాయంతో అది నిండడానికి రోజంతా పట్టేది. ఆ రోజు ఎవరొచ్చినా గుమ్మంలోనే ఆపేసేవారు. "పురిటిగదండీ, రేపు రండి."

ఒక దసరాకి పిన్ని కంప్యూటర్ మూత తీయించి, ఆయుధపూజ అని డిస్కులన్నిటికీ పసుపు రాసి బొట్లు పెట్టింది. ఆయన పెన్నుతో వేసుకున్న నంబర్లు కాస్తా పసుపులో కలిసిపోయాయి.

"ఇంక ఏది పోయిందో ఎలా తెలుస్తుందే?"

"కెమెరాకి పెడితే మాట్లాడలేదు కదండీ, దీనికి పెడితే ఏం?"

ఆయన నవ్వేసి, కంప్యూటర్ వేసి, నా వేలు పట్టుకుని ఒక్కో డిస్కు మీదా పెట్టించారు. సన్నటి వణుకు.

"అదిగో, వణికేది బతికున్నట్టు. ఇంక నంబరెందుకురా?"

బొట్టు చెరపడం ఇష్టంలేక మళ్ళీ నంబర్లు వెయ్యలేదు.

ఆయన కర్మలయిన వారానికి ఆ కంప్యూటర్ కూత పెట్టింది. ఒక డిస్కు పోయింది. తప్పుది లాగితే మొత్తం పోతుంది. పిన్ని నా పక్కనే నిలబడింది.

"ఒరేయ్, ఆయన ఫొటో ఎక్కడైనా దొరుకుద్ది. గొంతు మట్టుకు అందులోనే ఉందిరా."

నిజమే. ఏ పెళ్ళిలోనూ ఆయన కనబడరు. కెమెరా వెనకనుంచి మాటే వినబడుతుంది.

వేలు పెట్టి చూశాను. మొదటిది వణికింది. రెండోదీ వణికింది. మూడోది చల్లగా, కదలకుండా ఉంది. నాలుగోది కూడా చూసుకుని, కరెంటు తీసేసి, మూడోది లాగి, దాని చోట కొత్తది పెట్టాను.

కొత్తది నిండుతుండగా కరెంటు పోయింది. ఇన్వర్టర్ మీద కంప్యూటర్ నడిచింది గానీ గదిలో ఫ్యాను తిరగలేదు. పిన్ని తాటాకు విసనకర్ర తెచ్చి, చంటిపిల్లకి విసిరినట్టు దానికి విసురుతూ కూర్చుంది.

అంతా నిండాక పలివెలలో తీసిన పెళ్ళొకటి పెట్టాను. పెళ్ళికూతురు తల వంచుకుని ఉంది. "అమ్మాయిగారూ, కాస్త తలెత్తండి. ఆయ్, అంతేనండి!"

పిన్ని తలెత్తింది.

కాసేపటికి కుంకుమ భరిణె తెచ్చి, నా చేతికివ్వబోయింది. "నువ్వే పెట్టు పిన్నీ," అన్నాను. కొత్త డిస్కుకి తనే బొట్టు పెట్టింది.

మా వైపు పెళ్ళి సీడీ ఏదైనా మీ ఇంట్లో ఉంటే ఒకసారి వేసి చూడండి. మిమ్మల్ని తలెత్తమన్న ఆ గొంతు వినబడుతోందా?