ఒడిబియ్యం ఎక్కని కారు

ఉదయం ఆరింటికి కరీంనగర్‌లో బయలుదేరేటప్పటికే నా కడుపు మండుతూ ఉంది. చిన్న మరదలు సరళ పెళ్లికి నిర్మల్ వెళ్తున్నాం. "పిల్లను రెండో అల్లుడి కొత్త కారులో సాగనంపుదామనుకుంటున్నాం" అని మామగారు ఉత్తరం రాశారు. పెద్దల్లుణ్ణి నేను. నాకూ కారుంది, అతనిదానిలాగే అదీ ఫ్రెంచిదే.

జాగీర్లు పోయిన ఏడు ఒక జాగీర్దారు కొడుకు దగ్గర కొన్నాను. నాలుగు తలుపులు, పొడుగాటి ముక్కు, ఒకప్పుడు పందేలలో పరుగెత్తిన రకం. తోడల్లుడు నర్సింగరావుది రెండు తలుపుల కొత్త బండి. ఒక ఫ్యాక్టరీలో యంత్రాలు బిగించడానికి వచ్చిన ఫ్రెంచి ఇంజినీరు తన దేశం వెళ్లిపోతూ అమ్మాడు. స్టీరింగు నాదానిలా కుడివైపు కాదు, ఎడమవైపు. ముందున్న బండిని దాటాలంటే పక్కన కూర్చున్న భార్య తల బయటపెట్టి చూసి చెప్పాలి.

ఏడున్నరకు జగిత్యాలలో అతనూ కలిశాడు. తొమ్మిదింటికి మెట్‌పల్లిలో చాయ్ తాగుతుంటే జనమంతా అతని కారు చుట్టూ మూగారు. నా దగ్గరికి ఒక ముసలాయన వచ్చాడు.

"గీ బండి ఏ దొరది? నువ్వు డ్రైవర్‌వా?"

నా భార్య లలిత నవ్వు ఆపుకోలేకపోయింది. "ఓర్వలేకపోతున్నరు గదా?" అంది.

సోన్ దగ్గర గోదావరి దాటి పదకొండున్నరకు నిర్మల్ చేరాం. "నా బండి నీడకు పెట్టిన అన్నా. నీ దానికి ఎండ కొత్తేం గాదు గదా" అన్నాడు నర్సింగరావు. ఆ పూట భోజనం సయించలేదు.

మర్నాడు మూడింటికి అప్పగింతలు. పెళ్లికొడుకుది ఆదిలాబాద్. కొంగుముడితో ఇద్దరూ పక్కపక్కన కూర్చోవాలి కనుక వెనక సీటే గతి. కొత్త కారులో ముందు సీటు మడిచి, నడుం వంచి దూరాలి. సరళ వంగగానే ఒడిలో పుట్టింటివాళ్లు పోసిన బియ్యం గుప్పెడు జారి నేల మీద పడింది. అత్తగారు గభాలున కొంగు పట్టుకున్నారు.

"ఒడిబియ్యం కిందపడొద్దు బిడ్డా, ఆగు."

"పెద్దల్లుని బండి తేండ్రి" అన్నారు మామగారు.

నా కారు వెనక తలుపు బార్లా తెరిచాను. సరళ కుర్చీలో కూర్చున్నట్టు కూర్చుంది. పిల్ల ఏడుస్తున్నా నేను లోలోపల పండగ చేసుకున్నాను. ఇప్పుడు సిగ్గేస్తుంది.

వాళ్లను ఆదిలాబాద్‌లో దింపి రాత్రికి నిర్మల్ వచ్చేశాను. మూడోనాడు తిరుగు ప్రయాణం. "అన్నా, జగిత్యాల దాంక బండ్లు మార్చుకుందమా?" అన్నాడు నర్సింగరావు. ఎన్నాళ్లుగానో నేను నోరు తెరిచి అడగలేనిది అదే. వెంటనే తాళంచెవి ఇచ్చేశాను. లలితా, అతని భార్యా, అక్కాచెల్లెళ్లిద్దరూ కబుర్ల కోసం నా కారే ఎక్కారు.

కొత్త బండి వెన్నలా కదిలింది. కానీ ఎదురు బండి వస్తోందో లేదో చెప్పడానికి పక్కన మనిషి లేదు. నా కారును దాటబోయి రెండుసార్లు వెనక్కి తగ్గాను. ఇక దారి పొడుగునా దాని వెనకే పోయాను. ఇన్నేళ్లూ దాని లోపల కూర్చున్నానే గాని, అది రోడ్డు మీద పోతుంటే చూసింది లేదు. మలుపులో ఒదిగి తిరిగింది. పొలాల్లో వాళ్లు పని ఆపి దాన్నే చూశారు. స్టీరింగు దగ్గర నర్సింగరావు తల, వెనక లలిత నవ్వు. వచ్చేటప్పటికంటే ఎక్కువగా మండింది కడుపు.

జగిత్యాలలో అతను దిగి, నా కారు బానెట్ మీద చెయ్యి వేసి నిలబడ్డాడు.

"అన్నా, గిది నాకిచ్చి గా కొత్తది నువ్వు తీస్కో."

అతని కారు ఇంజను ఇంకా ఆపనైనా లేదు నేను. కిటికీలోంచి చెయ్యి చాపాను.

"నా తాళంచెవి ఇయ్యి."